అక్షింతలు పడిన కంప్యూటర్

మా ఇంట్లో కంప్యూటర్ కొన్నది మా అత్త. సంతకం తప్ప ఇంకో అక్షరం రాని మనిషి ఆమె. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కొడుకు కొన్నాడనుకుంటారు, లేదంటే టైపు నేర్చిన కోడలు పోరు పెట్టి కొనిపించిందనుకుంటారు. రెండూ కాదు.

సోలార్ పార్కు వచ్చిన కొత్తలో, మా చెనిక్కాయ చేను దానికి లీజుకిచ్చిన రోజున, అత్త వల్లూరులో ఒక గదిలో కూర్చుంది. ఎదురుగా బల్ల మీద కంప్యూటర్ ఉందట. ఒకాయన దాని మీద ఏదో కొట్టాడట, పక్కనున్న మిషన్‌లోంచి కాగితాలు వచ్చాయట, వాటి మీద ఈమె సంతకం పెట్టిందట. ఇంటికి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటూనే తీర్పు చెప్పేసింది.

"మన చేను ఆ పెట్టెలోకి పోయింది. అట్లాంటి పెట్టె ఒగటి మన ఇంట్లో గూడా ఉండాల."

నా భర్త నవ్వాడు. "చేను పెట్టెలోకి ఎట్ల పోతాదమ్మా? చేను చేనుకాడే ఉండాది" అన్నాడు. ఆమె నవ్వలేదు. నెల తిరక్కుండా పావగడ నుంచి కంప్యూటర్ తెచ్చింది. బస్సులో సీటు మీద దాన్ని కూర్చోబెట్టి తను నిలబడి వచ్చిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను మడకశిర వైపు పిల్లను. పెళ్లికి ముందు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు లోయర్ పరీక్ష పాసయ్యాను. పాత టైపు మిషన్ల మీద పది వేళ్లతో, కీబోర్డు వంక చూడకుండా కొట్టేదాన్ని. చూస్తే మా సారు వేళ్ల మీద స్కేలుతో ఒక్కటిచ్చేవాడు. అలా నేర్చుకున్న వేళ్లు పెళ్లయ్యాక చెనిక్కాయ పెరికాయి, కలుపు తీశాయి, కాయ ఒలిచాయి. చేను సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక ఆ ప్యానెళ్లు కడిగే పనిలో చేరాయి. పొడుగాటి కర్రకు కట్టిన వైపర్ పట్టుకుని, తెల్లవారుతూనే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు వరస వెంట వరస తుడుచుకుంటూ పోవడం. ఒకప్పుడు నేను విత్తనం వేసిన చోటే ఇప్పుడు అద్దం తుడుస్తున్నాను.

ఆ అద్దాల చివర మా బ్లాకు ఆఫీసు ఉంది. చిన్న గది, పెద్ద కిటికీ. కిటికీ వెనక ఎవరో ఒకరు కూర్చుని కంప్యూటర్‌లో ఆ రోజు రిపోర్టు కొడుతూ కనిపించేవాళ్లు. మెడ ఎత్తి ప్యానెల్ పై అంచు తుడిచే ప్రతిసారీ నాకు ఆ కిటికీయే కనిపించేది. ఏళ్ల తరబడి చూశాను.

ఈ ఏడాది ఉగాది వెళ్లిన వారానికి సూపర్‌వైజర్ మేడం మమ్మల్నందరినీ నీళ్ల ట్యాంకర్ దగ్గర నిలబెట్టి చెప్పింది. రిపోర్టులు కొట్టే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతోందట. కడిగేవాళ్లలో టైపు వచ్చినవాళ్లుంటే మొదట వాళ్లకే అవకాశమట. పదిహేను రోజుల తర్వాత పరీక్ష. ఒక ఇంగ్లీషు పేజీ ఇస్తారు, పెట్టిన టైములో కొట్టాలి. అంతే.

ఆ పని నాకు కావాలి. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకుని ఎరగను. ఎండ తప్పుతుందని కాదు, ఎండ నాకు కొత్త కాదు. నా వేళ్లకు ఒక విద్య వచ్చన్నది ఈ ఊళ్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ కిటికీ లోపల కూర్చుని ఒక్కసారి బయటికి చూడాలి. అదీ నా కోరిక.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లగానే కాళ్లూ చేతులూ కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అది తెరుచుకునేలోపు అన్నం తిని, గిన్నె కడిగి వచ్చాను. ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చివరికి రాసుకునే తెల్ల పేజీ వచ్చింది. నాలుగు పదాలు కొట్టాను. తెర మీద ఏమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అప్పుడు అక్షరాలు ఒక్కొక్కటే, ఎవరి పనో చేసిపెడుతున్నట్టు, తీరిగ్గా వచ్చాయి.

అది నాకు కొత్త కాదు. ఇన్నేళ్లుగా దాని మీద ఎప్పుడో ఒక అర్జీ కొట్టడం, ఎవరికో ఒక దరఖాస్తు నింపిపెట్టడం. నిదానంగానే ఉండేది, నేనూ నిదానంగానే ఉండేదాన్ని. కానీ పరీక్షకు అలవాటు చేసుకోవాలంటే ఈ నడక పనికిరాదు.

నా భర్త ప్యానెళ్లకు నీళ్లు తెచ్చే ట్యాంకర్ తోలతాడు. సాయంత్రం వచ్చి నా మొహం చూసి విషయం కనుక్కున్నాడు.

"ముసిల్ది అయిపోయిందిమ్మే అది. పాత సామాన్లోనికి ఏసెయ్. ఫోన్లో కొట్టుకో" అన్నాడు.

"ఫోన్లో రెండు బొటన వేళ్లు. ఆడ పది వేళ్లు కావాల" అన్నాను.

"అయితే కొత్తది తెద్దాం, చెనిక్కాయ... " అని అలవాటు కొద్దీ అనబోయి ఆగిపోయాడు. చెనిక్కాయ అమ్మినాక చూద్దాం అనేది మా ఇంట్లో ప్రతి కోరికకూ పాత జవాబు. ఇప్పుడు అమ్మడానికి చెనిక్కాయ లేదు.

అప్పుడే అనుకున్నాను. దీన్ని నేనే దారికి తేవాలి. పదిహేను రోజుల్లో ఇది పరుగెత్తకపోతే నా పేరు మార్చుకుంటాను.

మొదటి మూడు మధ్యాహ్నాలు లోపలి చెత్త తీయడంతోనే సరిపోయింది. ఫోన్‌లో చూసి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. కంప్యూటర్ తెరవగానే మనకు తెలియకుండా ఎన్నో ప్రోగ్రాములు దాంతోపాటు లేచి కూర్చుంటాయట. వాటి పట్టీ తెరిచి చూసి నేను నోరు వెళ్లబెట్టాను. ముహూర్తాలు చూసే ప్రోగ్రాం ఒకటి. ఎవరి పెళ్లికో వేసినట్టున్నారు, ఆ పెళ్లయినవాళ్ల పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. వైరస్ పట్టేవి రెండు, ఒకదాన్నొకటి దొంగగా చూసుకుంటూ. అన్నిటికంటే వింత, ప్రింటర్ ప్రోగ్రాం. మా ఇంటికి ప్రింటర్ ఏనాడూ రాలేదు. రాని చుట్టం కోసం రోజూ చాప పరిచినట్టు ఆ ప్రోగ్రాం మాత్రం రోజూ లేచి కాచుకుని ఉండేది. అన్నిటినీ తీసేశాను. మావారి సినిమాలు, మూడేసి కాపీలున్న పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి పంపాను. అడిగి తీశావా అన్నాడు. అడగలేదన్నాను.

కొంచెం తేడా వచ్చింది. తెరుచుకునే టైము తగ్గింది. కానీ పావు గంట కొట్టేసరికి మళ్లీ పాత నత్తనడకే.

పావగడలో కంప్యూటర్లు బాగుచేసే అన్న దగ్గరికి పెట్టె మోసుకెళ్లాను. ఆయన పైన కప్పిన గుడ్డ కూడా తీయకుండా దాన్ని అటూ ఇటూ తిప్పి, వయసు అడిగి, పెళ్లి చూపులకొచ్చి నచ్చని వాడిలా పెదవి విరిచాడు.

"దీనికి ర్యామ్ పెంచుదామంటే ఈ కాలంలో ఆ రకం దొరకదక్కా. ఇంగ దీన్ని వదిలేయి."

"వదిలేయను. ఇంకేమైనా చేయొచ్చా?"

"చేయొచ్చు. కొత్తది కొనొచ్చు" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. పెట్టె ఎత్తుకుని బస్సెక్కాను. సీటు ఖాళీ ఉంటే దాన్ని కూర్చోబెట్టి నేను నిలబడ్డాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. అప్పటికి వారం అయిపోయింది.

ఆదివారం పని లేదు. అలవాటు ప్రకారం తెల్లవారకముందే మెలకువ వచ్చింది. అత్త పొయ్యి వెలిగిస్తుంటే నేను కంప్యూటర్ వెలిగించాను. కొడుతూ ఉంటే అక్షరాలు వేళ్ల వెంటే వస్తున్నాయి. నమ్మలేక ఒక పేజీ అంతా కొట్టాను. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి కొంచెం తగ్గింది. తొమ్మిదికి మా రేకుల కప్పు కాలడం మొదలైంది, కంప్యూటర్ పడుకుంది.

నేను కీబోర్డు మీంచి చేతులు తీసి అలాగే కూర్చుండిపోయాను. పనిలో చేరిన కొత్తలో మేడాన్ని ఒక మాట అడిగాను. మేడం, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే కదా కరెంటు ఎక్కువ రావాల, ఏప్రిల్‌లో ఎందుకు అనుకున్నంత రాదంటారు అని. ఆమె చెప్పింది, "ప్యానెల్‌కి వెలుతురు కావాల, వేడి వద్దు. వేడెక్కితే అది తక్కువ ఇస్తుంది." ఆ మాట నా నోటి నుంచే కొత్తగా చేరిన ఎంతమందికి చెప్పానో. మరి ఏడేళ్లుగా దుమ్మూ వేడీ తుడిచే పని చేస్తున్న దాన్ని, ఇంట్లో పెట్టెను ఒక్కసారైనా విప్పి చూశానా? లేదు. బండ బుర్ర నాది.

స్క్రూడ్రైవర్ తెచ్చి పెట్టె వెనక వైపుకు వెళ్లాను. అక్కడ అత్త గుడ్డ ఉంది.

ఈ గుడ్డ గురించి చెప్పాలి. పార్కు కడుతున్నప్పుడు రాత్రీ పగలూ లారీలు తిరిగి ఊరంతా ఎర్ర దుమ్ము కమ్మింది. అన్నంలో దుమ్ము, నీళ్లలో దుమ్ము. అప్పుడు అత్త తన ఎర్రంచు చీర ఒకటి చింపి, రెండు పొరలు చేసి, కంప్యూటర్‌కు రెండు ముసుగులు కుట్టింది. టీవీలాంటి తెరకు ఒకటి, కింది పెట్టెకు ఒకటి. పెట్టె ముసుగు నేలదాకా ఉండేది. కంప్యూటర్ వేసేటప్పుడు ముందు వైపు మాత్రం ఎత్తాలి, వెనక వైపు ఎత్తకూడదు. అది ఆమె చట్టం. వెనక ఉన్న చిల్లుల్లోంచి దుమ్ము దూరుతుందని ఆమె కనిపెట్టి, ఆ చోట గుడ్డను అంచులకు ప్లాస్టర్ వేసి అతికించేసింది కూడా. అది గాలి బయటికి పోయే దారి అని ఆమెకు తెలియదు. నాకు తెలియాలి. ఏడేళ్లుగా నేనూ ముందు గుడ్డే ఎత్తాను.

ప్లాస్టర్ పీకి, పక్క రేకు విప్పాను. లోపల కంబళి పరిచినట్టు దుమ్ము. దాని మీద విభూతి, కుంకుమ, పసుపు పొరలు పొరలుగా. వాటి మధ్య ఎండిన బంతిపూల రెక్కలు. ఇంకా, బియ్యపు గింజలు. పసుపు కలిపిన అక్షింతలు.

అత్త ప్రతి ఆయుధ పూజకూ దానికి పూజ చేసేది. ట్యాంకర్‌కు, కొడవలికి, పారకు, మందు కొట్టే పంపుకు చేసినట్టే. కానీ వాటికి బొట్టుతో సరిపెట్టి, కంప్యూటర్‌కు మాత్రం పక్కన మూడు విభూతి చారలు, పైన అక్షింతలు. పైరేకుకు సన్నటి చిల్లులున్నాయి. ఏడేళ్ల దీవెనలన్నీ వాటిలోంచి లోపలికి దిగాయి. లోపల ప్రాణం లాంటి చిప్పు ఒకటి ఉంటుంది, దాన్ని చల్లబరిచే ఫ్యాన్ ఉంటుంది. ఆ ఫ్యాన్ రెక్కల మధ్య ఒక గింజ ఇరుక్కుని ఉంది. చాన్నాళ్లుగా వినిపించే టిక్కు టిక్కు చప్పుడు దానిదే.

అత్త వెనక నిలబడి చూస్తోంది. నాకు కోపం ఆగలేదు. పరీక్ష వారం రోజుల్లో ఉంది, నా ఏడుపు నాది.

"చూడత్తా. దీని గొంతు పిసికింది నువ్వే" అన్నాను.

ఆమె వంగి చూసింది. చేయి పెట్టి ఒక గింజ తీసి, వేళ్ల మధ్య నలిపి, మళ్లీ చూసింది.

"దుమ్ము పడకూడదని కప్పినా. నాలుగు కాలాలు ఉండల్లని ఏసినా" అంది మెల్లగా. "నాకేం తెలుసు మ్మే."

ముసుగులు రెండూ మడిచి చంకలో పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. మరునాడూ మాట్లాడలేదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి పక్కకు తిరిగేది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, నేనూ ఒకటి అని తేలికపడేదాన్ని. అనకూడని మాట అన్నానని నాకు తెలుసు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. నా మంకుతనానికి అది రెండో వైపు.

సోమవారం పని దిగాక, నాగలమడిక రోడ్డు మీద పంచర్ షాపు ఉంటే, మావారి మోటారు సైకిల్ వెనక పెట్టెను ఒళ్లో పెట్టుకుని అక్కడికి వెళ్లాను. టైర్లకు గాలి కొట్టే గొట్టంతో దీన్ని ఊదమన్నాను. షాపాయన పెట్టె వంకా నా వంకా చూసి, "ఏ బండిదక్కా ఇది?" అన్నాడు. ఊదబోతుంటే ఆపాను.

"ముందు గాలి ట్యాంకు కింద నీళ్లు వదులన్నా. గాలితో పాటు తేమ వస్తాది."

"నీకెట్ల తెలుసు?"

"నీళ్లతోనే నా బతుకు. వదులు."

ఆయన బిరడా తిప్పితే చెంబెడు నీళ్లు బయటికి వచ్చాయి. నేను ఫ్యాన్ తిరక్కుండా పెన్సిల్ అడ్డం పెట్టి పట్టుకున్నాను. ఆయన దూరం నుంచి కొంచెం కొంచెంగా ఊదాడు. ఎర్రటి, పచ్చటి మబ్బు లేచింది. మావారి చొక్కా మీద కుంకుమ, నా నెత్తిన పసుపు బియ్యం. దారిన పోయే ఒకావిడ ఆగి, ఎవరి పెళ్లి అని అడిగింది. చాన్నాళ్ల తర్వాత మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఇంకో పని మిగిలింది. చిప్పుకూ ఫ్యాన్‌కూ మధ్య ఒక ముద్ద రాసి ఉంటుంది, వేడిని లాగడానికి. మాది ఎండి సున్నంలా రాలుతోంది. మళ్లీ పావగడ వెళ్లి, పెదవి విరిచిన అన్న దగ్గరే నిలబడ్డాను. ఈసారి ఆయన నవ్వలేదు. లోపల ఏమేం దొరికాయో చెబితే కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. చిన్న ట్యూబు చేతికిచ్చి, "బఠాణీ గింజంత చాలక్కా. ఎక్కువ పూస్తే పాడవుతాది" అన్నాడు.

ఇంటికి వచ్చి పాతది గుడ్డతో తుడిచి, కొత్తది పెట్టి, ఫ్యాన్ బిగించాను. అత్త గడప దగ్గర కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. అరసికెరెలో ఆమె తమ్ముడికి ఇంకా చేను ఉంది, విత్తనం కాయలు ఆమెకే పంపుతాడు, ఆమె ఏరినంత బాగా ఇంకెవరూ ఏరరని. చూడనట్టే చూస్తోంది. నేను కంప్యూటర్ వేశాను. రేకులు కాలుతున్న నడి మధ్యాహ్నం. అది లేచింది. చప్పుడు లేదు.

అత్త ఉండబట్టలేకపోయింది. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"సప్పుడే లేదే. సచ్చిందా ఏంది?"

"బతికిందత్తా. ఇప్పుడే బతికింది."

నిజంగానే బతికింది. వేలు పెట్టిన చోట అక్షరం. గంట కొట్టినా నీరసపడలేదు. నేను గెలిచాననుకున్నాను. ఫోన్‌లో టైము పెట్టుకుని ఒక పేజీ కొట్టాను. టైము అయిపోయేసరికి సగం పేజీ కూడా కాలేదు. అలసట అనుకుని మళ్లీ కొట్టాను. అంతే. మూడోసారి, నాలుగోసారి, అంతే.

మొదట కంప్యూటర్‌నే తిట్టాను. తర్వాత నా చేతుల్ని గమనించాను. ఒక పదం కొట్టడం, ఆగడం, తెర చూడడం. పదం కొట్టడం, ఆగడం, చూడడం. అక్షరం అప్పటికే వచ్చి నిలబడి ఉంది. అయినా నా వేళ్లు ఎదురుచూస్తున్నాయి. ఏడేళ్లు ఆ పెట్టె ఎంత ఆగితే అంత ఆగడం నేర్చుకున్నాయి. దాని రోగం కుదిరింది, అది నాకు అంటించిన రోగం నాలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను. ఇన్ని తిప్పలు పడి, చివరికి అడ్డం నేనే. ఇక నాలుగు రోజులే ఉంది. నన్ను ఏ పంచర్ షాపుకు తీసుకెళ్లి ఊదించాలి?

అత్త వచ్చి పక్కన నిలబడింది. ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను, చిన్నపిల్లలా వెక్కుతూ. తెర చూడకుండా ఉండలేకపోతున్నాను, చూస్తే ఆగిపోతున్నాను అన్నాను. ఆమె విని లోపలికి వెళ్లింది. మడిచి దాచిన ఎర్రంచు ముసుగు తెచ్చింది. తెర ముసుగు. నన్నడగకుండానే తెర మీద కప్పేసింది, అంచులు కిందికి లాగి సర్దింది.

"ఇప్పుడు కొట్టు."

"ఏమీ కనపడదత్తా."

"కనపడకుండానే గదా కొట్టల్ల. దీనికి ముసుగు అక్కర్లేదని నువ్వే చెప్తివి. నీకు కావాల్సి వచ్చె. కొట్టు."

పక్కన కాగితం పెట్టుకుని కొట్టాను. ఆమె నేల మీద కాయలు ముందేసుకుని కూర్చుంది. నేను ఒక పదం అయ్యాక ఆగాను. నేల మీద నుంచి నాలుకతో "ట్చ్" అని చప్పుడు.

"ఏంది?"

"ఆగినావు."

ఇంగ్లీషు రాదు, ఏ భాష అక్షరమూ రాదు. కానీ చప్పుడు తెలుసు. ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయ ఒలుస్తుంటే, తల ఎత్తకుండానే ఎవరి చేయి ఆగిందో చెప్పగలిగే మనిషి ఆమె. ఒకప్పుడు మా చేలో కూలీలందరికీ ఆ నాలుక చప్పుడంటే హడలు. ఇప్పుడు అది నా మీదికి వచ్చింది. నేను ఆగితే ట్చ్. తప్పు కొట్టానేమోనని అనుమానపడి నెమ్మదిస్తే ట్చ్. ఒకసారి ముక్కు దురద పెట్టి గోక్కుంటే, దానికీ ట్చ్.

"ముక్కు గోక్కున్నా అత్తా!"

"పరిచ్చ అయినాక గోక్కో."

నాలుగు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. రేకుల కింద ఉక్క, పక్కన చెనిక్కాయ పొట్టు గుట్ట, ముందు ఏమీ కనపడని తెర. మొదటి రోజు ముసుగు ఎత్తి చూస్తే సగం చెత్త. రెండో రోజు తప్పులు తగ్గాయి. మూడో రోజు ట్చ్ అనేది చాలాసేపు వినపడలేదు. నిద్రపోయిందేమోనని తల తిప్పబోయాను. వెంటనే ట్చ్. నాలుగో రోజు పేజీ మొత్తం టైములోపలే అయింది. అత్తకు చూపించాను. ఆమె తెర మీద వరసల్ని చూసి, "నిండుగా ఉండాది" అంది. ఒత్తుగా మొలిచిన చేనును అలాగే అనేది.

"ఆ పొద్దు నోరు జారినా అత్తా" అన్నాను అప్పుడు. ఎట్టకేలకు నోరు వచ్చింది.

"జారితే జారె. కాయలు ఏరు, చెయ్యి ఖాళీగా పెట్టుకోగాకు" అంది.

పరీక్షకు నలుగురం వెళ్లాం. కిటికీ గదిలో ఏసీ చల్లదనానికి వేళ్లు బిగుసుకుంటున్నాయి. కొత్త కంప్యూటర్. మేడం పేజీ ఇచ్చి టైము మొదలుపెట్టింది. నేను కాగితం వంకే చూశాను. తెర నా ముందే వెలుగుతోంది, దాని మీద ఎర్రంచు చీర కప్పి ఉందనుకున్నాను. మధ్యలో ఒకచోట వేళ్లు ఒక గడి పక్కకు జరిగాయని తాకిడిలో తెలిసింది. అంటే ఒక వరస అంతా చెత్త పడి ఉంటుంది. చేయి ఆగబోయింది. ఇంటి దగ్గర నేల మీద నుంచి ఆ నాలుక చప్పుడు వినపడ్డట్టే అనిపించింది. వేళ్లు సరిచేసుకుని ముందుకే పోయాను. పేజీ అయ్యాకే తల ఎత్తాను. ఇంకా కొంచెం టైము మిగిలి ఉంది. వెనక్కి వెళ్లి ఆ వరస చెరిపి మళ్లీ కొడుతుంటే, సగంలో టైము అయిపోయింది.

వారం తర్వాత, ప్యానెళ్ల వరసల మధ్య వైపర్ పట్టుకుని ఉండగా మేడం పిలిచింది. "ఒక వరస సగంలో వదిలేసినారు. కానీ పేజీ చివరిదాకా వచ్చింది మీరొక్కరే. సోమవారం నుంచి లోపలికి రండి."

వైపర్ కర్రను నేను చాలాసేపు వదల్లేదు. పక్క వరసలో ఆడవాళ్లు ఏమైంది ఏమైంది అని అరుస్తున్నారు. చేత్తో గాల్లో టైపు కొట్టి చూపించాను.

ఇంటికి వెళ్లి చెబితే మావారు ట్యాంకర్ హారన్ మోగించి ఊరందరికీ తెలియజేశాడు. అత్త మాత్రం, "ఆ వరస ఎందుకు వదిలినావు?" అంది.

ఇప్పుడు ఆ కిటికీ లోపల కూర్చుని రిపోర్టులు కొడుతున్నాను. బయటికి చూస్తే మెడ ఎత్తి అద్దం తుడిచే నా స్నేహితురాళ్లు కనపడతారు. వాళ్లలో ఇద్దరు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి పాత పెట్టె మీద టైపు నేర్చుకుంటున్నారు. ఆగితే వాళ్లకూ ట్చ్.

మొన్న దసరాకు ఆయుధ పూజ వచ్చింది. అత్త పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని బయలుదేరింది. ట్యాంకర్‌కు పెట్టింది, కొడవలికి, పారకు, నా పాత వైపర్ కర్రకు కూడా పెట్టింది. చివర కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముసుగు లేదు, చారల్లేవు, చిల్లులన్నీ తెరుచుకుని ఉన్నాయి. పళ్లెం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ రోజు నేనన్న మాట ఆమె మరిచిపోలేదు.

"యాడ పెట్టల్ల మ్మే దీనికి?" అంది.

నేను లేచి వెళ్లి ఆమె ముందు రెండు చేతులూ చాపాను.

"ఈడ పెట్టత్తా."

"మనిషి చేతులకు ఆయుధ పూజ యాడన్నా ఉండాదా?" అని కసిరింది. కసురుతూనే కుంకుమలో వేలు ముంచింది. ఒక్కో వేలికీ ఒక్కో బొట్టు, పది వేళ్లకూ పెట్టింది. తర్వాత గుప్పెట్లో అక్షింతలు తీసుకుని, నాలుగు కాలాలు ఉండల్ల అని గొణుక్కుంటూ నా చేతుల మీద వేసింది.

కొన్ని గింజలు జారి నేల మీద పడ్డాయి. అత్త పళ్లెం పక్కన పెట్టి కింద కూర్చుంది. ఒక్కటి కూడా పెట్టె దగ్గరికి పోకుండా, విత్తనం కాయలు ఏరినట్టు, ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది.